మిగిలిన నాలుగు మూరలు

బిడ్డను ఒంటికి కట్టుకోవడానికి ఆరు మూరల గుడ్డ చాలు. నూలుదై ఉండాలి, పాతదై ఉండాలి. కొత్త గుడ్డకు ముడి నిలవదు. పట్టు జారిపోతుంది. నైలాన్‌లో బిడ్డకు ఉక్కపోస్తుంది. ఇది మా అమ్మ చెప్పిన లెక్క.

మాది కొల్లేటి మధ్య లంక గ్రామం. అమ్మ నన్ను వీపుకు కట్టుకునే దోనెలో నిలబడి గెడ వేసేది. గెడ వేయడానికి రెండు చేతులూ కావాలి కాబట్టి బిడ్డ ఒంటి మీదే ఉండాలి. కట్టుకునేటప్పుడు కూడా చేతులు రెండూ బిడ్డ మీదే ఉంటాయి, అందుకని గుడ్డ కొసను పళ్ళతో పట్టుకుంటారు. గుడ్డ బిడ్డ పిర్రల కిందుగా వచ్చి, ఒక కొస భుజం మీంచి, ఒక కొస చంక కిందనుంచి వచ్చి, రొమ్ము మీద ముడి పడుతుంది. ఆ ముడిలో ఒక ఏర్పాటు ఉంది. ఒక కొస లాగితే ఇంకా బిగుస్తుంది. రెండో కొస లాగితే ఒక్కసారిగా విడిపోతుంది. దోనె తిరగబడితే బిడ్డను వెంటనే విడదీయాలి కదా, అందుకని. ఏ కొస ఏదో కట్టడం వచ్చినవాళ్ళకే తెలుస్తుంది. పక్కనుంచి చూసేవాళ్ళకు రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

నేను ఏడో తరగతితో ఆపేశాను. లెక్కలు చెరువు గట్ల మీద సొంతంగా నేర్చుకున్నాను. ఇప్పుడు గుండుగొలను నుంచి కైకలూరు దాకా చేపల చెరువులవాళ్ళు నాకు ఫోన్ చేస్తారు. వలేసి కొన్ని చేపలు తూచి బరువు చెబితే, చెరువు మొత్తంలో ఎంత చేప ఉందో, మేతకు తవుడెంత, చెక్కెంత వేయాలో చెబుతాను. తొందరపడి చెప్పను. ఒకసారి వేసిన లెక్క మళ్ళీ వేసుకుని చెబుతాను. ఈ మాట ఎందుకంటే, నేను దేన్నీ ఉజ్జాయింపుగా గుర్తుపెట్టుకునే మనిషిని కాదు. ఇక్కడ రాసేది ఉజ్జాయింపు కాదు.

పెళ్ళయ్యాక ఏలూరు వచ్చాను. వట్లూరు వైపు మా ఇల్లు. ఆయన తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లులో సూపర్‌వైజరు. పొద్దున రైల్లో వెళ్ళి సాయంత్రం రైల్లో వచ్చేవారు. అత్తయ్యగారు టీచరు. వీధిలో అందరికీ టీచరమ్మగారు. ఇస్త్రీ చీర, గంజి పెట్టిన కొంగు, చేతిలో గొడుగు. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచరు. మెత్తగా, నిదానంగా, పక్కనున్న మనిషికే చెబుతున్నట్టు మాట్లాడతారు. అందువల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా మాటలు ఆపి వింటారు.

మా అమ్మాయిని చర్చిలో దేవుడికి ప్రతిష్ఠ చేయించిన ఆదివారం ఇంట్లో భోజనాలు పెట్టాం. ఇరవై ఏడేళ్ళ కిందటి సంగతి. వరండాలో రెండు వరసల్లో ఆకులు వేశారు. పాస్టరుగారు, సంఘపు పెద్దలు, అత్తయ్యగారి బడి టీచర్లు కూర్చున్నారు. నేను వడ్డించాలి. పిల్ల కింద పెడితే ఏడుస్తోంది, ఎవరెత్తుకున్నా ఊరుకోవడం లేదు. నేను లోపలికి వెళ్ళి, పుట్టింటినుంచి తెచ్చుకున్న గుడ్డతో పిల్లను వీపుకు కట్టుకుని వచ్చాను. అది మా అమ్మ చీర. నీలం మీద తెల్ల చుక్కలు. నన్ను కట్టుకున్న చీరనే ఆరు మూరలకు చింపి, అంచు కుట్టి, కాన్పుకు వెళ్ళినప్పుడు నాకు ఇచ్చింది. నేను రెండో వరసకు వచ్చేసరికి పిల్ల నిద్రపోయింది. నేను పులావు గిన్నె పట్టుకుని వంగుతూ వడ్డిస్తున్నాను. పిల్లను పట్టుకోనక్కర్లేదు. చేతులు రెండూ ఖాళీ. నాకు చాలా హాయిగా ఉంది. ఆ ఇంట్లో మొదటిసారి ఒక పని నాకు వచ్చినట్టుగా చేస్తున్నాననిపించింది.

అత్తయ్యగారు లేచి నా దగ్గరకు వచ్చారు.

"ఏమ్మా, ఇదేమన్నా నాట్ల కాలమా? మనింట్లో కూలోళ్ళ వేషాలు వద్దమ్మా" అన్నారు.

అంటూనే నా రొమ్ము మీది ముడి కొస పట్టుకుని లాగారు. ముడి ఒక్కసారిగా విడిపోయింది. పిల్ల జారేలోపు రెండో చేత్తో పిల్లను అందుకున్నారు. అది మాత్రం ఒప్పుకోవాలి, పిల్లను జారనివ్వలేదు. ఆ చేతులు అప్పుడు అంత గట్టివి. నిద్ర చెడి పిల్ల గుక్కపెట్టింది. గుడ్డ నా కాళ్ళ దగ్గర పడింది. చేతిలో పులావు గిన్నె ఉంది కాబట్టి నేను వంగి తీసుకోలేకపోయాను.

ఆకుల దగ్గర ఒక పెద్దమనిషి, "టీచరుగారండీ, మీ కోడలికి ఇంకా కొల్లేటి తడి ఆరలేదండీ" అన్నాడు. అందరూ నవ్వారు. పాస్టరుగారు కూడా నవ్వారు. మా ఆయన నవ్వలేదు. నోరూ విప్పలేదు.

ఆ సాయంత్రం గిన్నెలు కడిగి వచ్చి చూస్తే గుడ్డ కనిపించలేదు. మర్నాడు పొద్దున గుమ్మం దగ్గర కనిపించింది. తడిసి ఉంది. అత్తయ్యగారు దాంతో నేల తుడిచి, అక్కడే కాళ్ళు తుడుచుకోవడానికి వేశారు. ఆ వేళనుంచి ఇల్లు తుడిచేది నేనే, తుడిచే గుడ్డ అదే.

దాంతో ఆగితే బహుశా మరిచిపోయేదాన్నేమో. కొన్ని వారాల తరవాత అమ్మ వచ్చింది, బాలింతకు మంచిదని కొరమీనులు పట్టుకుని. వాన పడుతోంది. కాళ్ళనిండా బురద. గుమ్మంలో ఆగి కిందకు చూసింది. నీలం మీద తెల్ల చుక్కలు. మసి పట్టినా పోల్చుకోవడానికి అమ్మకు ఎంతసేపు పడుతుంది. నా వైపు చూడలేదు. కాలెత్తి, గుడ్డ మీద అడుగు పడకుండా దాటి లోపలికి వచ్చింది. అప్పుడే తుడిచిన వరండాలో బురద అడుగులు పడ్డాయి.

అత్తయ్యగారు చూసి, "గుడ్డ ఉంది కదండీ వదినగారూ, కాళ్ళు తుడుచుకోవలసింది" అన్నారు.

"పర్లేదండీ" అంది అమ్మ. కిందకు వంగి, కట్టుకున్న చీర కొంగుతో తన అడుగులు తనే తుడిచింది.

అమ్మ ఆ తరవాత చాలాసార్లు వచ్చింది. ఆ గుడ్డ గురించి ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు అమ్మ లేదు.

నేను అత్తయ్యగారికి అన్నం తక్కువ పెట్టలేదు. మందులు మరిచిపోలేదు. ఎదురు సమాధానం చెప్పలేదు. చూసినవాళ్ళు మంచి కోడలన్నారు. అది మంచితనం కాదు. చిన్న చిన్నవాటికి పగ తీర్చుకుంటూ పోతే పెద్దది కరిగిపోతుంది. కూరలో ఉప్పు ఎక్కువ వేసి సంతోషపడే రకాన్ని కాను. నాది తగ్గకుండా దాచుకున్నాను.

*

ఈ మధ్య మా అమ్మాయికి కూతురు పుట్టింది. అప్పుడు వీపు మీద నిద్రపోయిన పిల్లే ఇప్పుడు తల్లి. హైదరాబాదులో ఉద్యోగం, కాన్పుకు ఏలూరు వచ్చింది. అల్లుడుగారు శుక్రవారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారి వెళ్ళేవారు. వాళ్ళు పిల్లను మోసే సంచీ ఒకటి కొనుక్కున్నారు. బూడిదరంగు, మెత్తటి పట్టీలు, నడుముకు ఒక బకిల్, వీపున ఒక బకిల్. అల్లుడుగారు పాపను గుండెకు ఆనించి తగిలించుకుని, ఇంట్లో తిరుగుతూనే ఫోన్లు మాట్లాడేవారు. పాప తల ఆయన గడ్డం కింద, కాళ్ళు రెండు పక్కలా కప్పపిల్లలా ఉండేవి.

మా ఆయనకు మాత్రం అది పెద్ద కష్టమైపోయింది. ఒక ఆదివారం అందరం తాడేపల్లిగూడెంలో చుట్టాలింటికి బయలుదేరాం. అల్లుడుగారు పాపను తగిలించుకుని స్టేషనులో దిగారు. ఈయన పాతికేళ్ళ పైనుంచి ఆ ప్లాట్‌ఫారం మీద నడుస్తున్న మనిషి, మిల్లు జనం అంతా తెలిసినవాళ్ళే. అల్లుడికి ఇంత ముందు నడవడం మొదలుపెట్టారు, తమ మనిషి కాదన్నట్టు. నేను వెనక వస్తూ ఎవరెలా చూస్తున్నారో చూస్తున్నాను. వలకు పడిన నాలుగు చేపల్ని బట్టి చెరువు సంగతి చెప్పడం నా పని కదా. ఈయన వయసు మగవాళ్ళు చూసి తల తిప్పేసుకున్నారు. కుర్రాళ్ళు, సంచీ ఎక్కడ కొన్నారండీ అని అడిగారు. ఒకావిడ, "ఏవండీ, బిడ్డకి ఊపిరాడతందా అండీ" అని దగ్గరకొచ్చి వేలితో పాప ముక్కు కింద చూసి మరీ వెళ్ళింది. గేటు దగ్గర ఎండుచేపల తట్ట పెట్టుకున్న ముసలామె మాత్రం అల్లుడుగారిని కిందినుంచి పైదాకా చూసి, నా వైపు తిరిగి, "మన కట్టే. బొత్తాలెట్టేరు" అంది. ఆ రోజు నాకు తృప్తినిచ్చిన మాట అదొక్కటే.

అత్తయ్యగారికి ఎనభై దాటాయి. సంచీని దగ్గరకు తెప్పించుకుని, పట్టీలు తడిమి చూశారు. కళ్ళజోడు సర్దుకుని మెత్తగా అన్నారు.

"ఎంత చక్కగా ఉందమ్మా. చేతులు రెండూ ఖాళీ. బిడ్డకి తల్లి వేడి తగులుతూ ఉంటుంది. మా రోజుల్లో ఇలాంటివి ఎక్కడున్నాయి?"

నేను వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. కుళాయి కట్టేసి, ఆ మాట మళ్ళీ మనసులో అనుకుని చూశాను. ఒక్క అక్షరం పోకుండా.

ఆవిడ చేతులకు వణుకు వచ్చి కొన్నేళ్ళయింది. టీ గ్లాసు సగానికే పోసి ఇస్తాం. జాకెట్టు బొత్తాము, మందుబిళ్ళ అట్ట, బైబిలు పేజీ, ఏదీ ఆ వేళ్ళకు లొంగదు. పాప ఇంట్లోకి వచ్చినప్పటినుంచి ఆవిడ చూపంతా పాప మీదే. ఎత్తుకుంటానని అడిగేవారు కాదు. కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒకదానితో ఇంకోదాన్ని అదిమి పట్టుకునేవారు, ఊరుకోమని చెబుతున్నట్టు. ఒకరోజు మా అమ్మాయే జాలిపడి, తలగడ వేసి పాపను ఆవిడ ఒళ్ళో పెట్టింది. చెయ్యి ఒక్కసారి గట్టిగా అదిరింది. పాప ఉలిక్కిపడి ఏడిచింది. అల్లుడుగారు పరుగెత్తుకొచ్చి తీసుకున్నారు. మళ్ళీ ఎవరూ పాపను ఆ ఒళ్ళో పెట్టలేదు.

తరవాత సంచీ ఆవిడకు తగిలించి చూశారు. భుజాలు కుంగి వాలిపోయాయి, పట్టీలు ఎంత బిగించినా జారి మోచేతుల్లోకి వస్తున్నాయి. చిన్నపిల్లకు పెద్ద స్కూలు సంచీ తగిలించినట్టుంది. పాపను పెట్టకుండానే విప్పేశారు. ఆవిడ, "పోనీలెండమ్మా" అన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయి నన్ను అడిగింది.

"అమ్మా, నువ్వు నన్ను గుడ్డతో కట్టుకునేదానివంట కదా. అలా మామ్మకి కట్టవచ్చా? చేతులతో పనే లేదు కదా."

కట్టవచ్చు. వీపున కాదు, ముందువైపు. గుడ్డ వెనకనుంచి రెండు చుట్లు రావాలి, కాబట్టి ఎక్కువ పొడవు కావాలి. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, పక్కనే ఒకరుంటే పాప కదలను కూడా కదలదు. తను అడిగిన వెంటనే నేను మనసులో కొలిచేసుకున్నాను. ఎనిమిది మూరలు.

"కట్టను" అన్నాను.

అప్పుడు కారణం చెప్పాను. అమ్మాయికి ఆ సంగతి తెలియదు. ఆ రోజు వీపు మీదనుంచి ఊడదీసిన పిల్ల తనే అయినా ఎవరూ చెప్పలేదు. వింటున్నంతసేపూ అన్నం కెలుకుతూ కూర్చుంది.

"అమ్మా, అది జరిగి ఇరవై ఏడేళ్ళయింది."

"అవును. లెక్క సరిగ్గానే చెప్పావు" అన్నాను.

వాళ్ళు హైదరాబాదు వెళ్ళే రోజు దగ్గరకొచ్చింది. వెళ్ళే ముందు ఆదివారం పాపకు చర్చిలో ప్రతిష్ఠ, మధ్యాహ్నం ఇంట్లోనే భోజనాలు. మర్నాడు రైలు. మళ్ళీ ఎప్పుడొస్తారో, వచ్చేసరికి పాప ఒళ్ళో కూర్చునే వయసు దాటుతుందో, ఆవిడ ఉంటారో లేదో ఎవరికీ తెలియదు. ఈ లెక్క ఇంట్లో అందరూ ఎవరికి వారు వేసుకుంటూనే ఉన్నారు. మా ఆయన నా దగ్గరకొచ్చి అన్నారు, పెద్దావిడ, ఇంకెంత కాలం ఉంటుంది, పోనీ అని.

"అందుకే తొందరగా అడగమనండి" అన్నాను. "ఆవిడే అడగాలండీ. భోజనాల దగ్గర, అందరూ ఉండగా. కట్టే చీర ఆవిడది ఇవ్వాలి. ఏ చీరో నేను చెబుతాను."

నేను పులావు గిన్నె పట్టుకుని నిలబడ్డ రోజున ఆయన ఎక్కడ కూర్చున్నారో నాకు గుర్తుంది. ఆ మాట అనలేదు. ఆయనకు తెలుసు. వెళ్ళి వాళ్ళమ్మకు చెప్పారు. ఏం చెప్పారో వినలేదు. ఆదివారానికి ఉన్న రెండు రోజులూ అత్తయ్యగారు నాతో మామూలుగానే మాట్లాడారు. వేణ్ణీళ్ళు సరిపోయాయన్నారు. పులుసు బాగుందన్నారు. అడగరేమో అనుకున్నాను. ఆవిడ అడగకపోతే కూడా నాకు సరిపోయేది. పాప రైలెక్కేది, ఆవిడ కుర్చీలో చేతులు అదుముకుని చూసేవారు. రెండిట్లో ఏదైనా నాదే పైచేయి. అలా రెండు వైపులా సరిచూసుకుని కూర్చున్నాను.

ఆదివారం వరండాలో ఇప్పుడు ఆకులు లేవు, బల్లలు, కుర్చీలు. పాత పాస్టరుగారి స్థానంలో కుర్ర పాస్టరుగారు. అప్పటివాళ్ళలో మిగిలినవాళ్ళు కొద్దిమందే. కొల్లేటి తడి అన్న పెద్దమనిషి మాత్రం ఉన్నాడు, చెవికి మిషను పెట్టుకుని. అతన్ని పిలవమని నేనే గుర్తుచేశాను.

వడ్డన సగంలో ఉండగా అత్తయ్యగారు పిలిచారు.

"అమ్మాయ్."

నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. చుట్టూ మాటలు ఆగిపోయాయి, ఎప్పటిలాగే.

"పాపని నాకు కట్టమ్మా."

"దేంతో కట్టమంటారండీ?"

తన చీరే ఇవ్వాలని ఆవిడకు ముందే తెలుసు. అయినా ఆవిడ చేత అనిపించాలని అడిగాను.

"నువ్వు చెప్పు."

"మీ రిటైర్‌మెంటు చీర అండీ."

తెల్ల నేతచీర, సన్నటి కుంకుమరంగు అంచు. ఉద్యోగం విరమించిన రోజున బడివాళ్ళు పెట్టిన చీర. క్రిస్మసుకు, ఈస్టరుకు తప్ప కట్టరు. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, కలరా ఉండలు వేసి బీరువా పైఅరలో దాచుకుంటారు. పోయాక తనకు కట్టి పంపాల్సింది ఆ చీరేనని మాకందరికీ చెప్పి ఉన్నారు.

ఆవిడ బొడ్లో ముడేసుకున్న బీరువా తాళంచెవి తీశారు. ఆ వేళ్ళకు ముడి విప్పడం కుదరక చాలాసేపు పట్టింది. నేను సాయం చేయలేదు.

చీర తెచ్చి అందరి ముందూ మడత విప్పాను. మోచేతినుంచి వేలికొస దాకా పెట్టి కొలిచాను, ఒక్కొక్క మూరా పైకే లెక్కపెడుతూ. ఎనిమిది దగ్గర గోరుతో గుర్తు పెట్టి, అంచు పళ్ళతో కొరికి, రెండు చేతులతో లాగాను. గంజి బట్ట, చర్రున చిరిగింది. కుర్ర పాస్టరుగారు చేతిలో చెంచా దించేశారు. చెవి మిషను పెద్దమనిషికి కూడా వినపడింది. "అయ్యో" అని ఎవరో ఆడమనిషి అంది.

చింపకుండా కూడా కట్టవచ్చు. మిగిలిన గుడ్డను ఇంకో చుట్టు తిప్పి దోపేస్తే సరిపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు.

నేను అత్తయ్యగారి మొహం చూశాను. దానికోసమే ఇంతకాలం ఆగాను కాబట్టి తొందరపడలేదు. ఆవిడ నన్ను చూడడం లేదు. చిరిగిన అంచు వంక చూస్తున్నారు. దవడ ఒకసారి కదిలింది. అంతే. ఇంకాస్త బాధ ఉంటుందనుకున్నాను. అయినా సరిపెట్టుకున్నాను.

అమ్మాయి పాపను తెచ్చింది. నేను పాపను రెండు చేతులతో పట్టుకుని ఆవిడ రొమ్ముకు ఆనించాను. గుడ్డ వీపు వెనకనుంచి తిప్పాలి. ముందుకు వంగండి అని చెప్పేలోపే ఆవిడ వంగారు. ఎడమ చెయ్యి ఎత్తండి అనేలోపే ఎత్తారు. నా చేతులు రెండూ పాప మీద ఉన్నాయి, గుడ్డ కొస జారిపోతోంది. ఆవిడ తల పక్కకు వంచి, ఆ కొసను పళ్ళతో అందుకుని పట్టుకున్నారు.

కట్టుడు పళ్ళే. కానీ పట్టు మాత్రం మా లంకలో ఆడవాళ్ళ పట్టే.

నా చేతులు ఆగిపోయాయి. ఇరవై ఏడేళ్ళ కిందట ఆవిడ లాగిన కొస అప్పుడు గుర్తొచ్చింది. రెండు కొసల్లో విడిపోయేదాన్ని, వెతుక్కోకుండా, ఒక్కసారికే పట్టుకున్నారు. రెండో చెయ్యి పిల్ల ఎక్కడ జారుతుందో అక్కడికే వెళ్ళింది. ఎన్ని లెక్కలు మళ్ళీ మళ్ళీ వేసుకున్నాను! ఆ ఒక్కటి మాత్రం ఎన్నడూ సరిచూడలేదు.

గుడ్డ నోట్లో ఉండగా ఆవిడ మాట్లాడలేరు. నేను రెండో చుట్టు తిప్పి, కొస ఆవిడ పళ్ళలోనుంచి తీసుకుని, ముడి వేశాను. పాప ఒకసారి మూలిగి, మొహం ఆవిడ మెడ వంపులో దాచుకుంది. ఆవిడ చేతులు రెండూ ఊరికే పక్కన వేలాడుతున్నాయి. వణుకుతూనే ఉన్నాయి. పాపకు ఆ వణుకు చేరడం లేదు.

చుట్టూ మళ్ళీ మాటలు మొదలయ్యాయి. ఫోటోలు తీసుకుంటున్నారు. నేను ముడి సర్దుతున్నట్టు వంగి, ఆవిడకు మాత్రమే వినపడేలా అడిగాను.

"మీకు ఈ కట్టు వచ్చా అండీ?"

"మా అమ్మ నన్ను కట్టుకునే పొలం పనికెళ్ళేది. మా తమ్ముణ్ణి నేను కట్టుకున్నాను" అన్నారు. ఆవిడ పుట్టిల్లు కామవరపుకోట వైపు మెట్ట ఊరని మాత్రమే నాకు తెలుసు. ఆ ఊరి గురించి ఇంట్లో ఎప్పుడూ ఒక్క మాట అనగా వినలేదు. "వాణ్ణి కట్టుకునే బడికెళ్ళేదాన్ని. లోపల కూర్చోనిచ్చేవారు కాదు. గుమ్మం బయట కూచుని పాఠం వినేదాన్ని. వాడు నడక నేర్చాకే లోపలికి రానిచ్చారు."

"అయితే తెలిసే చేశారా అండీ, నాకు?"

ఆవిడ అప్పుడు నా కళ్ళలోకి చూశారు.

"తెలియకపోతే ఎందుకు చేస్తానమ్మా?" అన్నారు.

ఇది చదివేవాళ్ళు ఇక్కడ నేను కరిగిపోయాననుకుంటారు. లేదు. ఆవిడకు ఎందుకు అలా అయిందో అర్థమైంది. అర్థం కావడం ఒక వరస, క్షమించడం ఇంకో వరస. ఒకదాని కింది అంకెను ఇంకోదాని కింద వేసే అలవాటు నాకు లేదు. గుమ్మం బయట ఆవిణ్ణి కూర్చోబెట్టినవాళ్ళెవరో. మా అమ్మ కాదు. మా అమ్మ చేత కొంగుతో నేల తుడిపించినప్పుడు, ఆ గుడ్డ ఏమిటో తెలిసిన మనిషే తుడిపించింది. తెలియక చేసిందనుకున్న రోజుల్లో నాకు కాస్త సందేహం ఉండేది, మరీ ఇంత పట్టుకు కూర్చున్నానేమో అని. ఆ సందేహం ఆ మధ్యాహ్నంతో పోయింది.

మిగిలిన ముక్కను మడత పెట్టాను. నాలుగు మూరలు, కుంకుమరంగు అంచుతో. అత్తయ్యగారు ఆ మడత వంక చూశారు. బడిలో లెక్క చేయించి జవాబు ముందే చెప్పగలిగిన మనిషి.

"ఆ మిగిలింది గుమ్మంలో వేస్తావా?"

"వేస్తానండీ."

"గంజి బట్టమ్మా. రెండు ఉతుకులు పడితే గానీ తడి పీల్చదు" అన్నారు. అని, గడ్డం పాప తల మీద ఆనించి కళ్ళు మూసుకున్నారు.

పాప సాయంత్రం దాకా అలాగే నిద్రపోయింది. విప్పే వేళకు నేనే విప్పాను. విడిపోయే కొస పట్టుకుని, ఒక్కసారి, ఆవిడ లాగినట్టే లాగాను. పాపను అందుకున్నాను. ఆవిడ చేతులు పాప వెనకాలే కొంచెం పైకి లేచి, మళ్ళీ ఒళ్ళో పడ్డాయి. అది కూడా చూశాను. ఆ బాధ నేను అనుకున్నంత ఉంది.

మర్నాడు వాళ్ళు రైలెక్కారు. ఎనిమిది మూరల ముక్క అత్తయ్యగారు అడిగి తీసుకుని తలగడ కింద పెట్టుకున్నారు. ఇవ్వను అనడానికి నాకు కారణం దొరకలేదు, ఇచ్చాను. నాలుగు మూరలు గుమ్మంలో వేశాను.

తరవాతి ఆదివారం చర్చికి వెళ్ళి వచ్చి, ఆవిడ చేతికర్రతో గుమ్మం దగ్గర ఆగారు. నేను వంటింటి తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. దాటుకుని వస్తారని చూశాను. మా అమ్మ దాటినట్టు, కాలెత్తి, తన చీర మీద అడుగు పడకుండా, లోపలికి మట్టి అడుగులతో రావాలని. ఆవిడ దాటలేదు. గుడ్డ మీద నిలబడి, తలుపు పట్టుకుని, ముందు కుడికాలు, తరవాత ఎడమకాలు, మడమలతో సహా శుభ్రంగా తుడుచుకుని లోపలికి వచ్చారు. నేల మీద ఒక్క మరక పడలేదు.

అది నాకు నచ్చలేదు. గుడ్డ మాత్రం తీయలేదు. ఇప్పటికి రెండు ఉతుకులు పడ్డాయి. ఆవిడ చెప్పినట్టే, బాగా పీలుస్తోంది.